సమాజ భాగస్వామ్యం

ముందు గది నాది.
పదికి పన్నెండు అడుగులు, పైన రేకు.
గుమ్మం దాటితే చెంగల్రావుపేట సందు,
సందులో గాలికి ఎప్పుడూ
ఎండు నెత్తళ్ళ వాసన, కాస్త బొగ్గు పొడి.
పది నెలలుగా అద్దె రాలేదు.

"బడ్జెట్ రిలీజవలేదు బాబూ" అంటుంది నూకరత్నం,
అంగన్‌వాడీ టీచరమ్మ.
రిలీజు అనే మాటని
వాన అన్నట్టే అంటుంది,
మబ్బు మీద అలిగి ఏం లాభం అన్నట్టు.
గుడ్లు వస్తాయి. పాలు వస్తాయి, ఒక్కోసారి తేదీ దగ్గర పడ్డాక.
పోయిన నెల గ్యాస్ బండ మాత్రం
ఆమె చేతి గాజు తాకట్టు మీద వచ్చింది.
ఆయా పోలమ్మ చెప్పింది. నేను అడగలేదు.

మధ్య గోడ ఒంటి ఇటిక మందం.
ఇటుపక్క మంచం మీద పడుకునే
రెండేళ్ళు ప్రీస్కూలు చదివేశాను నేను.
తొమ్మిదిన్నరకి పలకరింపులు,
పదికి స్వేచ్ఛా ఆట, ముప్పై నిమిషాలు.
స్వేచ్ఛని గడియారం పెట్టి ఎవరు కొలిచారో గాని
ఇరవై ముగ్గురు పిల్లలు, ఒక్కటే జంబుఖానా,
ఒకడు చెయ్యి చాపితే ఇంకొకడి ముక్కు.
తర్వాత కథ. ఆ తర్వాత
లెక్కలకు ముందటి లెక్కలు:
పెద్దది, చిన్నది. ఎక్కువ, తక్కువ.
ఆ పాఠం వాళ్ళకి చెప్పక్కర్లేదు,
పక్కవాడి పళ్ళెం చూసి చెప్పేస్తారు.

సోమవారం కాగితం రాసుకున్నాను.
"ఈ నెలాఖరుకు గది ఖాళీ చేయవలెను."
నా దస్తూరి బాగుంటుంది,
పోర్టులో ముప్పయ్యొక్క ఏళ్ళు
టాలీ పుస్తకం రాసిన చెయ్యి.
మడిచి జేబులో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

గోడ మీద చార్టు. ఈ వారం: రవాణా సాధనాలు.
బొమ్మల కార్డుల కిట్టు రావలసి ఉంది,
నిరుటి నుంచీ రావలసే ఉంది.
నూకరత్నం చేతిలో అగ్గిపెట్టె బస్సు,
నేల మీద చీపురుపుల్లల రైలు.
నన్ను చూసి మొహం వాడిపోవాలి కదా,
వెలిగింది.
"పిల్లలూ, తాతగారు ఓడల్లో పని చేశారు!"
ఇరవై మూడు తలలు ఒక్కసారి తిరిగాయి.
జేబులో కాగితం గరగరమంది.

ఓడ మన సందు కంటే పొడుగు అన్నాను.
గరికిన వాళ్ళ లాస్య ఒప్పుకోలేదు.
"ఓడలు కదలవు. రాత్రి లైట్లేసుకుని అక్కడే ఉంటాయి.
మా నాన్న తెప్పయితే కదుల్తాది."
వంతు కోసం ఆగాయమ్మా అన్నాను,
రేవులో చోటు దొరికేదాకా.
చోటు ఊరికే ఇవ్వరు,
ఆగిన ప్రతి గంటకీ బాడుగ,
గంట దాటితే ఇంకో గంట లెక్క,
కట్టకపోతే కదలనివ్వరు.

మాట నోరు దాటాక
నేనూ నూకరత్నం ఒకరినొకరం చూసుకోలేదు.
బొగ్గు నిలబడితే లెక్కుంది.
మాంగనీసు మట్టి నిలబడితే లెక్కుంది.
నా ముప్పయ్యొక్క ఏళ్ళలో
పది నెలలు బాకీ పడ్డ ఓడని
ఒక్కదాన్నీ చూడలేదు.

"మరి తాతా, ఓడ ఒంటికి ఎక్కడికెల్తాది?"
సిలబస్ అక్కడితో సరి.
పావుగంట నవ్వారు, ఆపినా ఆగలేదు.
పోలమ్మ గుడ్లు వలుస్తూ నాకొకటి అందించబోయి
లెక్క గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది.

వెళ్ళబోతుంటే రిజిస్టరు పట్టుకొచ్చింది నూకరత్నం.
గురువారం సూపర్‌వైజరు వస్తుందట,
ఒక గడి ఖాళీగా ఉందట:
సమాజ భాగస్వామ్యం.
పేరు రాశాను. తేదీ వేశాను.
చేసిన పని అన్న చోట చెయ్యి ఆగింది.
"ఓడ" అని రాశాను.
ఫోనులో ఫొటో కూడా తీసింది,
అది ఎక్కక చక్రం తిరుగుతూనే ఉంది.

ఇంట్లోకొచ్చి చొక్కా వంకీకి తగిలించాను.
కాగితం జేబులోనే ఉంది.
చింపలేదు. మంచివాణ్ణి అనుకోకండి,
రేకు మార్చాలి, బీపీ మాత్రలు కొనాలి,
నెలాఖరు నాకూ వస్తుంది.
గోడ అవతల పోలమ్మ చార్టు విప్పుతోంది,
నూకరత్నం చదివి చెబుతోంది
వచ్చే వారం పాఠం:
మన ఇల్లు.